గ్రామఫోను చేతికి క్రొత్త నరములు

ఇంటి పనులలో కొన్ని బలమును కోరును, కొన్ని నేర్పును కోరును. రోట పిండి దంపుటకు బలము కావలయును. ముత్యములు గ్రుచ్చుటకు నేర్పు కావలయును. పాత గ్రామఫోను యంత్రపు చేతిని బాగుచేయుట యీ రెండవ జాతికి చెందిన పని. అది మగవారి పని యనియు, అందును యంత్రవిద్య నభ్యసించినవారి పని యనియు తలచి మనము దూరముగా నుందుము. దారము, పట్టకారు, నిలుకడగల చూపు, వణకని వ్రేళ్లు - వీనితో జరుగు పని మనది కాకుండుట యెట్లు? ఈ సంగతిని సోదరీమణులకు మనవి చేయుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

"ఈ కాలమున గ్రామఫోను నెవరు వాడుదురు? పాట వినవలెనన్న సెల్‌ఫోను చాలును గదా" యని కొందఱడుగవచ్చును. కాని యీ కాలముననే యా పాతవస్తువు మరల నాదరమును పొందుచున్నది. అమెరికాలో 2022వ సంవత్సరమున, 1987 తరువాత మొదటి పర్యాయముగా, సీడీలకంటె గ్రామఫోను రికార్డులే యెక్కువ సంఖ్యలో నమ్ముడుపోయినవి. మన యిండ్లలోను అటకలమీది పెట్టెలు దింపి, దుమ్ము తుడిచి, తాతలనాటి రికార్డులను పిల్లలకు వినిపించువారు కనబడుచున్నారు. మంచిదే. అయితే నలుబదియేండ్లు కదలక పడియున్న యంత్రమును దింపిన వెంటనే పాడించుట మంచిది కాదు. చేయి సరిగా లేని యంత్రముపై నెక్కిన రికార్డు తిరిగిన ప్రతి సారియు కొంత చెడును. గాడిలో నొకసారి యరిగిన స్వరమును మరల నెవ్వరును తీసికొనిరాలేరు. కావున చేతి సంగతి ముందుగా తెలిసికొందము.

చేయి యనగా నేమి?

తిరుగుచున్న రికార్డుపై మొన మోపి, గాడి వెంట వెలుపలి యంచునుండి నడిమికి మెల్లమెల్లగా కదలివచ్చు సన్నని కడ్డీయే చేయి. ఆంగ్లమున దీనిని టోన్‌ఆర్ము అందురు. ఆ పేరునకు కారణము కలదు. కీ త్రిప్పి పాడించు పూర్వపు గ్రామఫోనులలో విద్యుత్తు లేదు. ముల్లదరగా పుట్టిన ధ్వని బోలుగానున్న యా చేతి గొట్టములోనుండియే బాకాకు పోయెడిది. అనగా నాదము నిజముగా నా చేతిలోనే ప్రవహించెడిది. విద్యుత్తు వచ్చిన పిమ్మట నాదమునకు బదులు నాలుగు సన్నని తీగెలు చేతిలో దూరినవి. ముల్లు వెనుకనుండు కార్ట్రిడ్జి యను చిన్న పెట్టె ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చును. తీగెలు దానిని గొనిపోవును. ఆంప్లిఫయరు దానిని పెంచును. పేరు మాత్రము పాతదే నిలిచినది.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పాత రికార్డులపై, ఉక్కుముల్లుతో చేయి మోపు భారము నూరు గ్రాములకు మించియుండెడిది. మన లెక్కలో ఎనిమిది తొమ్మిది తులములు. 1948లో అమెరికాయందలి కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద రికార్డును వెలువరించిరి. దానితో గాడి మిక్కిలి సన్నమయ్యెను. ముల్లు మొనయొక్క గుండ్రన వ్యాసార్ధము మిల్లీమీటరులో నలుబదవవంతు, అంతకంటెను తక్కువ. ఇట్టి గాడిపై పాతచేతి భారము మోపినచో పూలదండపై రోకలి పెట్టినట్లే. మంచి కార్ట్రిడ్జికి గ్రామున్నర మొదలు రెండు గ్రాములు చాలును. గ్రామున్నర యనగా కంసాలివారి గురిగింజలు పండ్రెండింటి యెత్తు.

ఆ పండ్రెండు గురిగింజల భారముతో చేయి నడుచు దూరమును లెక్కించి చూచితిమి. ఇరువది నిమిషములు పాడు రికార్డు ఒక ప్రక్క 667 చుట్లు తిరుగును. ఆ గాడిని దారమువలె విప్పగలిగినచో నాలుగు వందల మీటర్లకు పైగా సాగును. అంత దూరమును ముల్లు గాడి గోడలను గీరక, గాడినుండి యెగిరిపడక నడువవలెను. 1958 మొదలుకొని అమ్మకమునకు వచ్చిన స్టీరియో రికార్డులలో పని యింకను నాజూకైనది. ఆంగ్లదేశపు యింజనీరగు ఆలన్ బ్లూమ్‌లైను 1931లోనే పేటెంటునకై సమర్పించిన పద్ధతి ప్రకారము, గాడి రెండు గోడలు రెండు స్వరములను మోయును. లోపలి గోడ ఎడమచెవి ధ్వనిని, వెలుపలి గోడ కుడిచెవి ధ్వనిని దాచుకొనును. ముల్లు ఒక ప్రక్కకు ఒరిగెనా, ఒక గోడ నలుగును, రెండవగోడ మాట వినబడదు.

వంకర తలకు కారణము

చేతి తలభాగము లోపలికి వంగియుండుటను మీరు చూచియుందురు. అది యలంకారము కాదు. మూలరికార్డును కోసిన యంత్రములో కత్తి యంచునుండి నడిమికి తిన్నని గీతమీద కదలినది. మన యింటి యంత్రములో చేయి ఒక చోట కుదురుకొని, తలుపు తన బందుమీద తిరిగినట్లు, వలయాకారముగా తిరుగును. తిన్నని దారిని వంకర నడకతో ననుసరింపవలెనన్న తలను కొంత వంచి, ముల్లును నడిమి మేకునకు కొంచెము ముందునకు సాచి పెట్టవలెను. ఈ లెక్కను 1924లో ఆంగ్లదేశమున పెర్సీ విల్సను వివరించెను. 1938లో ఎరిక్ లోఫ్‌గ్రెను దానిని పూర్తిగా సాధించెను. తొమ్మిదంగుళముల చేతికి వంపు సుమారు 23, 24 డిగ్రీలు. అంత చేసినను ముల్లు గాడికి సంపూర్ణముగా సరిపడునది రెండు తావులనే; సాధారణముగా నడిమినుండి 66 మిల్లీమీటర్ల యొద్దను, 121 మిల్లీమీటర్ల యొద్దను. తక్కిన చోట్ల స్వల్పమగు తేడా యుండనే యుండును.

ఈ వంపు మఱియొక చిక్కును తెచ్చినది. రికార్డు తిరుగునపుడు గాడి రాపిడి చేతిని లోపలికి లాగుచుండును. దానిని వారించుటకై దారమునకు కట్టిన చిన్న తూనికరాయి చేతిని మెల్లగా వెలుపలికి లాగును. పాత చేతులు పెక్కింటిలో నీ దారము తెగిపోయి, రాయి జారిపోయి యుండును. చూచినవారు దానిని బొమ్మవంటి తగిలింపనుకొని వెదకరు. అది లేకున్న లోపలి గోడ ముందుగా నరిగిపోవును.

ఆంగ్లదేశపు త్రాసు

మేము బాగుచేసినది ఎస్.ఎం.ఇ. 3009 అను చేయి. దాని పుట్టుక ముచ్చటైనది. ఆలస్టయిర్ రాబర్ట్‌సన్-ఎయిక్‌మన్ అను నాతడు 1946లో ఆంగ్లదేశమున చిన్నచిన్న నమూనా యంత్రములు చేయు కర్మాగారమును స్థాపించెను. ఆ సంస్థ ఆంగ్లనామపు మొదటి యక్షరములే ఎస్.ఎం.ఇ. ఆయన సంగీతప్రియుడు. తన యింటి గ్రామఫోనునకు తనకు నచ్చిన చేయి దొరకకుండుటచే తానే యొకటి చేసికొనెను. చూచిన మిత్రులు తమకును కావలెననిరి. 1959లో అమ్మకము మొదలయ్యెను. పండ్రెండంగుళముల చేతికి 3012 అనియు, తొమ్మిదంగుళముల దానికి 3009 అనియు పేర్లు. చివరి యంకెలే యంగుళములు. ససెక్స్ సీమలోని స్టెయినింగను చిన్న యూర నీ చేతులు తయారై దేశదేశములకు పోయినవి.

ఈ చేతిలోని విశేషము దాని కుదురు. చేయి పైకి క్రిందికి ఊగుటకు పెక్కురు చిన్న గుండ్ల బేరింగులను వాడుదురు. ఇందులో నట్లుగాక, పదునైన కత్తియంచు ఒక గాడిలో నానియుండును. చేయి దానిమీద నూగును. ఇది కంసాలి త్రాసు పద్ధతియే. బంగారము తూచు త్రాసు గాలికి సైతము చలించుటకు ముల్లు కత్తిమొనపై నిలుచుటయే కారణము గదా. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ నగలన్నియు మొగ్గింపలేని త్రాసును రుక్మిణీదేవి యుంచిన తులసీదళము మొగ్గించినట్లు మనము వినుచుందుము. ఈ చేతిని సరిగా తూచి నిలిపిన పిమ్మట నిజముగా నొక తులసీదళము దానిని వ్రాల్చును. మేము పెట్టి చూచితిమి.

మా యింటికి వచ్చిన చేయి

ఇది మా మామగారి యన్నగారు ఆంగ్లదేశమున వైద్యులుగా నుండి 1970వ దశకములో తిరిగివచ్చుచు తెచ్చినది. దానితోపాటు అరువదికి పైగా రికార్డులు మా యింట చేరినవి. వానిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు గానము చేయగా 1963లో హెచ్.ఎం.వి. వారు వెలువరించిన శ్రీ వేంకటేశ్వర సుప్రభాతపు రికార్డొకటి. మా మామగారు దాని యట్టపై మా యింటి గృహప్రవేశపు తేదీని తమ చేతితో వ్రాసియుంచిరి. ఆ యుదయమున మొదట మ్రోగినది యదియే. మామగారిప్పుడు లేరు. ఆ పాట ఎక్కడనైనను దొరకును. ఆ రికార్డు మాత్రము మఱియెక్కడను దొరకదు.

ఎనుబదియేండ్లు దాటిన మా యత్తగారికి చూపు మందగించినది. వినుటయే ఆమెకు మిగిలిన కాలక్షేపము. కొన్నాళ్లుగా యంత్రములో ఎడమవైపు ధ్వని వచ్చుచు పోవుచు నుండెను. తుమ్మెద రొదవంటి మ్రోత యొకటి విడువక వినబడెను. చేయి గాడి దాటి దుముకజొచ్చెను. దానికి విరుగుడుగా చుట్టములలో నొకరు చేతి తలపై పాత పావలా యొకటి పెట్టిరి. దుముకుట ఆగినది. మన దేశమున నెన్నియిండ్లలోనో జరిగిన వైద్య మిది. పావలా రెండున్నర గ్రాములుండును. గ్రామున్నర మోయవలసిన గాడి నాలుగు గ్రాములను మోసెనన్నమాట. మ్రోత కొంత మాఱినట్లు చెవితోనే పసికట్టిన మా యత్తగారు యంత్రము నాపించి, "నేను వినకపోతే పోనీ అమ్మా, రికార్డు గీసుకుపోతే రేపు పిల్లలకేం మిగులుతుంది?" అనిరి. ఆరు నెలలు యంత్రము మూతపడియుండెను.

దగ్గఱ పట్టణమున నొక దుకాణమునకు చూపగా, వారు చేతిలో రెండు తీగెలు మార్చి పంపిరి. మ్రోత పోలేదు సరికదా చేయి నడిమి వరకు రాకయే ఆగిపోవుచుండెను. మరల నడుగగా, "పాతది, పారవేయుడు, క్రొత్త యంత్రము కొనుడు" అని చెప్పిరి. వారు చూపిన క్రొత్త యంత్రము చౌకయే గాని దాని ముల్లు అయిదు గ్రాములతో గాడి నొత్తును. మా యింటివారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆయన తెచ్చిన పుస్తకములను చదివి, పటములు చూచి, మేమే యీ పనికి పూనుకొంటిమి. ఆయన దీపము పట్టుకొనుటకును, లెక్కలు చూచుటకును ఒప్పుకొనిరి.

రోగనిదానము

మొదట ముల్లుగల కార్ట్రిడ్జిని తీసి భద్రపఱచితిమి. మల్టీమీటరుతో తీగెలను పరీక్షించునపుడు కార్ట్రిడ్జి తగిలియుండరాదు. దానిలోని సన్నని తీగెచుట్టలు ఆ విద్యుత్తుకు చెడవచ్చును. పిమ్మట ప్రతి భాగమును విప్పుటకు ముందు ఫోటో తీసి, విప్పిన మరలను గిన్నెలలో వరుసగా నుంచితిమి.

మూడు లోపములు కనబడినవి. మొదటిది: తెల్లతీగె చేతి కుదురు వద్ద తెగియున్నది. చేయి కదలిన ప్రతిసారియు తీగె ఆ చోటనే వంగును. వేలసార్లు వంగిన రాగి యలసి తెగుట సహజము. సముద్రపు గాలికి కొనలయందు పచ్చని చిలుము పట్టియున్నది. రెండవది: దుకాణమువారు వేసిన తీగెలు లావైనవి. అవి కుదురు వద్ద వంగక, స్ప్రింగువలె చేతిని వెనుకకు లాగుచుండెను. చేయి నడిమికి రాకపోవుటకు కారణమిదియే. మూడవది: వెనుకనుండు తూనికదిమ్మను చేతికి కలుపు రబ్బరు ముక్క మెత్తబడి వ్రేలాడుచున్నది. రబ్బరు ఎంత మంచిదైనను యాబదియేండ్లు నిలుచునది కాదు. ఇట్టి ముక్కలను ఇప్పుడును చేసి యమ్మువారున్నారు గనుక ఒకటి తెప్పించితిమి.

తీగెలు మార్చుట

చేతిలోని తీగెలు నాలుగు. వీని రంగులకు దేశములన్నింట నొకటే కట్టుబాటు. తెలుపు ఎడమ ధ్వనిని తెచ్చునది, నీలము దాని తిరుగుదారి. ఎఱుపు కుడి ధ్వనిని తెచ్చునది, ఆకుపచ్చ దాని తిరుగుదారి. ఇవి గాక, చేతి లోహమును ఆంప్లిఫయరు పెట్టెకు కలుపు అయిదవ తీగె వేఱుగా నుండును. అది తెగినచో తుమ్మెద రొద పుట్టును.

ఈ తీగెలలో పాఱునది ఎంత స్వల్పమో తెలిసికొన్నచో జాగ్రత్త దానంతట నదియే వచ్చును. అయస్కాంతపు కార్ట్రిడ్జి యిచ్చునది సుమారు అయిదు మిల్లీవోల్టులు. టార్చిలైటు ఘటము ఒకటిన్నర వోల్టు. ఇది దానిలో మూడు వందలవ వంతు. దీనిని ఆంప్లిఫయరు వేల రెట్లు పెంచును. పాటతోపాటు, మంచి పట్టు లేని యతుకులో పుట్టిన గరగరను, ఇంటి కరెంటు తీగెలనుండి సోకిన మ్రోతను గూడ నంతే పెంచును.

మేము తెప్పించిన తీగె యొక్కొక్కటి వెండ్రుకకంటె సన్నని రాగిపోగులు పెక్కింటి కూర్పు. ప్రతి పోగునకు లక్కవంటి పూత కలదు. సన్నని పోగులు గనుకనే అది పట్టుదారమువలె ఎటు వంచిన నటు వంగును. ఇట్టి తీగెను గొట్టములో దూర్చుట యెట్లు? ఈ ప్రశ్నకు మన కుట్టుపెట్టెలోనే సమాధానము కలదు. లంగాకు పాత బొందు తీయునపుడు దాని కొనకు క్రొత్త బొందు ముడివేసి లాగుదుము గదా. పాత తీగెలలో తెగనిదాని కొనకు పట్టుదారము కట్టి మెల్లగా లాగగా దారము గొట్టములో చేరినది. తరువాత నాలుగు క్రొత్త తీగెలను ఆ దారమునకు కట్టి, ఒక చేత నందించుచు నొక చేత లాగుచు ఎక్కించితిమి. గొట్టపు టంచు తీగె పూతను కోయకుండునట్లు చూచుకొనవలెను. నాలుగు తీగెలను దూర్చుటకు ముందు దీపపువత్తి పేనినట్లు వదులుగా పేనితిమి. ఇట్లు పేనిన తీగెలకు బయటి మ్రోత తక్కువగా సోకును.

పని యంతటిలో ముఖ్యమైనది కుదురు వద్దనుండు తీగె మడత. అక్కడ తీగె బిగువుగా నుండరాదు. చెవికి జూకా వ్రేలాడినట్లు వదులుగా నొక మెలిక యుండవలెను. ఆ మెలిక దేనికిని రాయరాదు. దీనిని నాలుగుసార్లు సవరించితిమి. చేతిని తూకములో తేలనిచ్చి, వ్రేలితో తాకి విడిచినపుడు ఏ వైపునకును తనంతట తాను తిరిగి పోకుండ నిలిచినచో మెలిక కుదిరినదని గుర్తు. ప్రతిసారియు నొకే చోటికి తిరిగివచ్చినచో తీగె యింకను లాగుచున్నదన్న మాట.

అతుకుటకు టంకము పట్టు విధము కొంచెము నేర్చుకొనవలెను. ముందుగా పనికిరాని తీగెలపై ఒక సాయంకాలమంతయు నభ్యసించితిమి. సూత్రము లివి. తీగె కొనను వేడి టంకపు బొట్టులో ముంచగా పైపూత కాలి, రాగి వెండివలె మెరయును. ఆ మెరుపు రానిచో పూత పోలేదని యర్థము. అట్టి యతుకు చూచుటకు బాగున్నను విద్యుత్తును పోనీయదు. చేతి కొనయందు నాలుగు స్ప్రింగు మొలకలుగల చిన్న దిమ్మ యున్నది. దానిని బయటికి తీసి, మొలకలకును ముందుగా కొంచెము టంకము పూసి, తీగెను తాకించి, రెండు మూడు సెకన్లకు మించి వేడి చూపక తీసివేయవలెను. ఎక్కువ వేడి చూపినచో మొలకలు పొదిగిన దిమ్మ కరగును. కార్ట్రిడ్జికి తగిలించు చిన్న కొక్కెములకు తీగె లతుకవలసివచ్చినచో, వానిని కార్ట్రిడ్జినుండి తీసిన పిమ్మటనే అతుకవలెను. లేకున్న వేడి లోపలికి పోయి దానిని చంపును. అతుకు చల్లారి గట్టిపడువరకు కదల్పరాదు. టంకపు పొగ మంచిది కాదు. కిటికీలు తెఱచియుంచి, పిల్లలను దూరముగా నుంచి, పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వంటయింటి బల్లపై నీ పని చేయరాదు.

అతుకులు ముగిసిన పిమ్మట మల్టీమీటరుతో రెండు విషయములు చూచితిమి. ప్రతి తీగెయు కొననుండి కొనవరకు దారి యిచ్చుచున్నదా? ఏ రెండు తీగెలైనను నొకదాని నొకటి తాకుచున్నవా? మొదటి ప్రశ్నకు అవునని, రెండవదానికి కాదని నాలుగు తీగెలును సమాధానము చెప్పవలెను. రంగులు తారుమాఱైనచో ధ్వని రాకపోదు. కాని తెలుపు నీలములు మాత్రము మాఱినచో రెండు ప్రక్కల ధ్వనులు నొకదాని నొకటి చంపుకొనును. మృదంగపు గుమికి పలుచనగును. గాయని యెదుట నిలిచి పాడినట్లుండక ఎక్కడనో చెదరినట్లుండును.

తూకము

క్రొత్త రబ్బరు వేసిన పిమ్మట వెనుక దిమ్మ తిన్నగా నిలిచినది. కత్తియంచును, అది యానెడు గాడిని మెత్తని బ్రష్షుతో తుడిచితిమి. దానికి నూనె వేయరాదు. నూనె దుమ్మును పట్టి కుదురును బిగియించును. చేతి కొనయందలి మొలకలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడిచితిమి.

కార్ట్రిడ్జిని తగిలించి, చిన్న భారపుగుండును సున్నవద్ద నుంచి, వెనుకదిమ్మను ముందువెనుకలకు జరుపగా, చేయి గాలిలో తిన్నగా తేలి నిలిచినది. పిమ్మట చిన్న గుండును గ్రామున్నరకు జరిపితిమి. గీతలను మాత్రమే నమ్మక, బంగారము తూచునట్టి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుపై ముల్లు నుంచి సరిచూచితిమి. ఇట్టి త్రాసులు కొన్ని వందల రూపాయలకే దొరకును. పావలా పెట్టువారింట నీ త్రాసొకటి యుండుట మేలు.

తరువాత నడిమి మేకునకు తొడుగు కాగితపు కొలపట్టుపై ముల్లును 66, 121 మిల్లీమీటర్ల గుర్తులపై నుంచి, కార్ట్రిడ్జి అంచులు గీతలకు సమముగా నున్నవో లేదో చూడవలెను. ఈ చేతిలో నిందులకు తలను గాక, పీఠమునే ముందునకు వెనుకకు జరుపుదురు. పీఠము క్రిందనున్న గాడియే యందులకు సౌకర్యము. చివరగా దారమునకు క్రొత్త నైలాను పోగు కట్టి, చిన్నరాతిని వ్రేలాడదీసి, అయిదవ తీగెను ఆంప్లిఫయరు పెట్టెకు బిగించితిమి.

ఆంప్లిఫయరు పెట్టగానే ముందుగా వినబడినది నిశ్శబ్దము. తుమ్మెద రొద లేదు. పరీక్షకు మొదట విలువలేని పాత రికార్డొకటి పాడించితిమి. చేయి అంచునుండి చివరివరకు నడిచి వచ్చినది. రెండు ప్రక్కలును పలికినవి. మఱునాటి తెల్లవారుజామున సుప్రభాతపు రికార్డును పెట్టితిమి. మా యత్తగారు మొదటి ప్రక్క ముగియువరకు మాటలాడలేదు. పిమ్మట, "మధ్యలో అక్కడక్కడ గరగర ఉంది, అది పావలా పెట్టిన రోజులది. పోనీలే, మిగిలిందంతా దక్కింది" అనిరి. ఆమె చెవి సత్యమునే చెప్పినది. నలిగిన గాడి నలిగియే యుండును. మిగిలిన దానిని కాచుకొనుటయే మన చేతిలో నున్నది.

సోదరీమణులారా! మీ యిండ్లలో నిట్టి యంత్రము లున్నచో దయచేసి వెంటనే పాడింపకుడు, వెంటనే పారవేయకుడు. మొదట చేతిని వ్రేలితో తాకి చూడుడు. అది మెల్లగా, అడ్డులేక, అన్నివైపులకు కదలుచున్నదా? వెనుకదిమ్మ వ్రేలాడుచున్నదా? దారమును రాయియు నున్నవా? తలపై నాణెమున్నచో తీసివేయుడు. ముల్లు ఎన్నాళ్లనాటిదో తెలియనిచో క్రొత్తది వేయుడు. అరిగిన ముల్లు తేలికగా నున్నను గాడిని కోయును. తీగెలు మార్చు పనికి మాకు నాలుగు సాయంకాలములు పట్టినవి. తీగెలకును రబ్బరునకును అయిన ఖర్చు ఆ దుకాణమున చూపిన క్రొత్త యంత్రము వెలలో నెన్నవ వంతో చెప్పిన నవ్వుదురు. కరెంటు ప్లగ్గు తీయనిదే లోపలి భాగములను తాకకుడు. ఇంటి కరెంటు తగులు భాగములు, మోటారు, ఆంప్లిఫయరు మాత్రము తెలిసినవారికి విడువుడు. చేతిలోని నాలుగు తీగెలకు భయపడవలసినది లేదు.

పసిబిడ్డ చేయి పట్టి నడిపించునపుడు మన పట్టు ఎట్లుండును? బిడ్డ పడిపోకుండునంత గట్టిగాను, చేయి నొవ్వనంత మెత్తగాను ఉండును. గ్రామఫోను చేతి ధర్మమును అంతియే. ఆ పట్టు మన కెవ్వరును క్రొత్తగా నేర్పవలసినది కాదు.